చుక్కలు లేని గూడబాతు

ఫోటోలు తీయడం నేర్చుకుంటామని మా ఇంటికొచ్చే కుర్రాళ్ళందరిదీ మొదటి ప్రశ్న ఒకటే. "మాస్టారూ, తక్కువలో పక్షుల ఫోటోలు తీయాలంటే ఏ బాడీ కొనాలి, ఏ లెన్సు కొనాలి?" కాఫీ ఇంకా చేతికి రానే రాదు, ప్రశ్న వచ్చేస్తుంది. ఫోన్లో పట్టికలు చూపిస్తారు. దీనికి ఇన్ని మార్కులు, దానికి అన్ని మార్కులు అంటారు. సర్వే ఫోటోగ్రాఫరుగా అడవులూ చిత్తడి బీలలూ తిరిగి తిరిగి రిటైరైన మనిషిని కదా, నా దగ్గర ఓ ముక్కలో సమాధానం ఉంటుందని వాళ్ళ ఆశ. ఓ ముక్కలో చెప్పేది కాదు నాయనలారా. అది చెప్పాలంటే ఆ ఉద్యోగం నాకెలా వచ్చిందో, వచ్చేముందు ఓ పూట ఎలా చెయ్యి జారిపోయిందో చెప్పాలి. ఓపికుంటే వినండి. లేకపోతే మీ పట్టిక మీకుండనే ఉంది.

అరవైల చివర్లో నేను కాశీబుగ్గలో ఒక స్టూడియోలో పనిచేసేవాణ్ణి. పలాస స్టేషన్ నుంచి నడిచొస్తే పావుగంట. పెళ్ళి ఫోటోలు, బడిపిల్లల గ్రూపు ఫోటోలు, దరఖాస్తులకు అంటించే చిన్న ఫోటోలు, ఇవే మా వ్యాపారం. కెమెరా అంటే మాకు మూడు కాళ్ళ మీద నిలబడ్డ చెక్కపెట్టె. కదలకుండా కూర్చున్నవాళ్ళనే తీసేవాళ్ళం. కదిలితే తిట్టేవాళ్ళం.

మా స్టూడియోకి పేరు తెచ్చింది కెమెరా కాదు, యజమానీ కాదు. కిటికీ పక్కన ఏటవాలు బల్ల దగ్గర కూర్చుని నెగెటివులు దిద్దే ఒక పెద్దాయన. ఆయన్ని మేమందరం మావ అనేవాళ్ళం. నన్నాయన అల్లుడా అనేవాడు, చుట్టరికం ఏమీ లేకపోయినా. నెగెటివ్ మీద పల్చగా ఓ మందు రాసి, అది ఆరాక, గరుకు కాగితం మీద సూదిలా అరగదీసిన పెన్సిలుతో చుక్క మీద చుక్క పెట్టేవాడు. ప్రింటు వేసేసరికి మొహం మీది మచ్చ మాయం. నచ్చకపోతే టర్పెంటైన్ ముంచిన దూదితో తుడిస్తే మందూ పెన్సిలూ రెండూ పోతాయి, నెగెటివ్ మళ్ళీ మొదటికొస్తుంది. అప్పటిదాకా అలా తుడవాల్సిన అవసరం మావకి వచ్చిందని నేనెరగను.

ఆ రోజుల్లో మా వైపు ఇంటికొకరికైనా అమ్మవారు పోసిన మచ్చలుండేవి. ఉద్దానం ఊళ్ళ నుంచి ఆడపిల్లల్ని తీసుకొచ్చి, "బాబ్బాబు, సంబంధమోళ్ళకి పంపాల, పిల్ల మొగం కూసింత సూసి పెట్టండి" అని మావ చేతులు పట్టుకునేవాళ్ళు. ఆయన ఎవరినీ విసుక్కున్నది లేదు. ఆయన మొహం నిండా కూడా ఆ మచ్చలే. ఏడేళ్ళప్పుడు పోసిందట. ఎప్పుడూ మెడ చుట్టూ ఓ తువ్వాలు, అది గెడ్డం దాటి బుగ్గల దాకా ఉండేది. ఆయుధపూజ నాడు స్టూడియో వాళ్ళమంతా కలిసి ఫోటో దిగుదామంటే, సరిగ్గా అప్పుడే మావకి టీ తాగాలనిపించేది. ముప్పై ఏళ్ళు ఫోటోల మధ్య బతికిన మనిషికి తన ఫోటో ఒక్కటీ లేదు.

ఒకరోజు మెయిలు రైలు గార్డు ఒకాయన, మా స్టూడియోకి పాత ఖాతాదారు, పేపరు చేత్తో పట్టుకుని వచ్చాడు. తీరం వెంబడి పక్షుల్నీ జంతువుల్నీ సర్వే చేసేవాళ్ళకి ఒక ఫోటోగ్రాఫరు కావాలట. నెల జీతం, పర్మనెంటు. అధికారి టెక్కలి ముసాఫరు బంగళాలో దిగి మనుషుల్ని చూస్తాడు. అయితే ఒక మెలిక ఉంది. ఏదైనా అడవి ప్రాణిని దాని చోటులోనే తీసిన ఫోటో ఒకటి, నెగెటివ్‌తో సహా పట్టుకెళ్ళాలి.

నాకు ఇరవై మూడేళ్ళు. నాన్న లేడు, ఇంట్లో అమ్మా ఇద్దరు చెల్లెళ్ళూ. స్టూడియోలో ఇచ్చేది నెలాఖరుకి సరిపోయేది కాదు. ఆ ఉద్యోగం వస్తే ఇల్లు గట్టెక్కుతుంది. పైగా పెళ్ళికొడుకుల్ని "నవ్వండి, నవ్వండి" అని బతిమాలే పని తప్పుతుంది. ఆ పేపరు ముక్క చింపి జేబులో పెట్టుకుని నిద్రలో కూడా తడుముకునేవాణ్ణి.

మరి కెమెరా? చెక్కపెట్టెతో పిట్టని తీయలేం కదా. ఉన్న సైకిలు అమ్మేశాను. ఆ డబ్బు చూపించి, కలకత్తాలో పాత కెమెరాలమ్మే సందులో దీనికి ఏదొస్తే అది చూడమని గార్డుగారిని బతిమాలాను. పాపం, ఆయన రెండు తెచ్చాడు. ఒకటి ఉంచుకుని రెండోది తిరిగిచ్చేయమన్నాడు.

మొదటిది దాదాపు కొత్త బాడీ. నిగనిగలాడుతోంది. మామూలు పొట్టి లెన్సు. రెండోది తూర్పు జర్మనీ బాడీ, తోలు ఊడిపోయి, ఓ మూల సొట్టపడి ఉంది. దాంట్లో బొమ్మను కంటికి చూపే అద్దం ఎలాంటిదంటే, ఒకసారి క్లిక్‌మనిపిస్తే పైకి లేచి అక్కడే ఉండిపోతుంది. మళ్ళీ లివరు తిప్పేదాకా మీ కంటి ముందు చీకటే. ఫోటో పడిందో పిట్ట ఎగిరిందో దేవుడికే తెలియాలి. కానీ దాంతోపాటు మూరెడు పొడుగు లెన్సు వచ్చింది, నాలుగు వందల మిల్లీమీటర్లది. వెలుతురుకి పెట్టి చూస్తే లోపలి గాజు అంచున సాలెగూడులా బూజు.

"బూజున్నాది బాబూ, ముందే సెప్పేత్తన్నాను. తర్వాత నన్ననకు" అన్నాడు గార్డుగారు.

మా యజమాని మొదటిదే తీసుకోమన్నాడు. "ఉద్యోగం రాకపోతే పెళ్ళిళ్ళకైనా పనికొత్తాది. ఆ గొట్టం ఏటి సేసుకుంతావు, పొయ్యి ఊదుకుంతావా?" అన్నాడు. మాట బాగానే ఉంది. మొదటిది పట్టుకుని వీధిలోకొచ్చి కరెంటు స్తంభం మీది కాకికి గురిపెట్టాను. కాకి ఆవగింజంత కనిపించింది. రెండోది ఎత్తాను. తిప్పగా తిప్పగా మసకలోంచి ఒక కన్ను వచ్చింది. కాకి నన్ను చూస్తోంది! నిజంగా వెనక్కి ఒక అడుగు వేశాను. అంతే, ఇంక ఆలోచించలేదు.

మీరడిగిన దానికి సగం సమాధానం ఇక్కడే ఉంది, రాసుకోండి. బాడీ అంటే ఫిల్మును చీకట్లో దాచే పెట్టె. పిట్టని దగ్గరికి తెచ్చేది లెన్సు. డబ్బు తక్కువైతే బాడీ దగ్గర రాజీపడండి. మిగతా సగం సమాధానానికి ఇంకా టైముంది.

నౌపడా స్టేషన్లో దిగి ఉప్పుమళ్ళ గట్ల వెంట నడిస్తే ఒక ఊరుంది. ఏటా చలికాలం ఆ ఊరి చింతచెట్ల మీద, ముక్కు కింద సంచి వేలాడే గూడబాతులొచ్చి గూళ్ళు కడతాయి. ఇళ్ళ మధ్యనే. పిల్లలు ఎగిరేదాకా ఆ చెట్ల చింతపండు ఎవరూ రాల్చరు, ఊళ్ళో టపాకాయ కాల్చరు. వాటిల్ని ఇంటికొచ్చిన ఆడపడుచుల్లా చూస్తారు. కుప్పనూర్పులు అయిపోయిన కాలం. ఒక ఇంటి పెరట్లో గడ్డికుప్ప ఉంది, దానికెదురుగా చింతకొమ్మ మీద గూడు. ఆ ఇంటావిడ నన్నూ నా గొట్టాన్నీ కిందా మీదా చూసింది.

"తుపాకీ కాదు గదా?"

"కెమెరా అమ్మా. ఫోటో తీసుకుంటాను, అంతే."

"సరే ఎక్కు. గట్టిగా దగ్గకు, పిల్లలున్నాయి. నెత్తిమీద రెట్టేత్తే నన్ననకు."

మూడు ఆదివారాలు ఆ గడ్డికుప్ప మీదున్నాను. రెట్ట వేసింది, ఆవిడ చెప్పినట్టే. ఒళ్ళంతా దురద. మొదటి ఆదివారం తీసినవన్నీ కదిలిపోయాయి. రెండో ఆదివారం ఎండ లేదు. మూడో ఆదివారం పొద్దున్న తల్లి పక్షి మేతతో వచ్చి వాలింది. కింద గేదెకి కుడితి పెడుతున్న ఆవిడ తల పైకెత్తి, "అదిగో, ఆ సుక్కల ముక్కుదే తల్లి, ఇప్పుడు సూడు తమాసా" అంది. నేను లెన్సు తిప్పుకుంటూ "ఆఁ ఆఁ" అన్నాను. వినలేదు. విన్నా చెవికెక్కలేదు. పిల్ల పక్షి తల్లి గొంతుసంచిలోకి మెడదాకా తలదూర్చింది. క్లిక్‌మనిపించాను. కంటి ముందు చీకటి.

మర్నాడు మధ్యాహ్నం డార్క్‌రూమ్‌లో ట్రేలో ప్రింటు కదుపుతుంటే ముందు తల్లి కన్ను తేలింది. తర్వాత సంచి, దాంట్లో పిల్ల మెడ. పెద్ద కేక వేశాను. మావ పెన్సిలు పారేసి పరిగెత్తుకొచ్చాడు. తడి కాగితాన్ని వెలుతురులోకి తెచ్చి చూసుకునేసరికి నా ప్రాణం ఉసూరుమంది. పైముక్కు పొడవునా వరసగా నల్లటి చుక్కలు.

"బూజు మావా! లెన్సులో బూజు ఫోటో మీద పడిపోయింది!"

మావ భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. "బూజయితే ఒక్క ముక్కు మీదే పడిందేటిరా? ఆకాశం మీద నేదు, పిల్ల మీద నేదు" అన్నాడు.

ఆ ప్రశ్న నేను వినుంటే ఈ కథే లేదు. "బూజు ఎక్కడ పడాలో చెప్పి పడుతుందా మావా? గార్డుగారు ముందే అన్నారు కదా" అని కొట్టిపారేశాను. బంగళాకి వెళ్ళాల్సింది గురువారం. మళ్ళీ నౌపడా వెళ్ళే వ్యవధి లేదు, వెళ్ళినా అదే లెన్సు. అక్కడే నేలమీద చతికిలబడ్డాను.

"ఏడవకురా, నీనున్నాను గదా" అన్నాడు మావ. "ఇంత సక్కని పిట్ట. దాని మొగం మీద కూడా నా మొగం మీదలాగ మచ్చలెందుకు? తీసేత్తాను."

బొటనవేలంత ఫిల్ము అది. దాని మీద పెన్సిలు పని ఎవరూ చెయ్యరు. రెండు రోజులు వేరే పని ముట్టుకోలేదాయన. యజమాని అరిచినా పట్టించుకోలేదు. ఊపిరి బిగబట్టి ఒక చుక్క, ఊపిరి వదిలి పెన్సిలు అరగదీయడం, మళ్ళీ ఒక చుక్క. బుధవారం సాయంత్రం ప్రింటు వేస్తే ముక్కు అద్దంలా ఉంది. మావ దాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూసుకుని మురిసిపోయాడు. "నానూ వత్తాన్రా టెక్కలి. పెద్దాఫీసరు సూసినపుడు ఆయన మొగం సూడాల" అన్నాడు. ఉతికిన పంచె కట్టుకుని తయారయ్యాడు.

బంగళా వరండాలో మాతో కలిపి ఏడెనిమిది మందిమి. ఒకడు పాములవాడి నాగుపామును ఫోటో తీసి తెచ్చాడు. ఇంకొకడి జింక మెడలో పగ్గం కనిపించకుండా ఫోటో అంచు కత్తిరించి ఉంది. వాళ్ళని చూశాక నాకు ధైర్యం వచ్చింది. నా వంతు వచ్చింది. మావని బంట్రోతు వరండాలోనే ఆపేస్తే, తువ్వాలు సర్దుకుని ఓ పక్కన నిలబడ్డాడు.

అధికారి కళ్ళద్దాల మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. ఫోటో చూసి నవ్వాడు. "పిల్ల మేత తీసుకుంటోంది! బాగా పట్టావోయ్" అన్నాడు. భూతద్దం తీశాడు. నవ్వు ఆగిపోయింది.

"ఎక్కడ తీశావు?"

"నౌపడా దగ్గరండి. గూడు మీద."

"అబద్ధం."

నాకు అర్థం కాలేదు.

"ఇక్కడ గూడు కట్టే గూడబాతుకి పైముక్కు మీద చుక్కల వరస ఉంటుంది. దాన్ని పోల్చుకునేదే వాటితో. చుక్కల్లేని గూడబాతు మన దేశానికి చలికాలం వచ్చి పోతుంది కానీ ఈ చెట్ల మీద పిల్లల్ని చెయ్యదు. ఏ జూలో తీశావు?"

గడ్డికుప్ప కింది ఆవిడ మాట అప్పుడు చెవికెక్కింది. సుక్కల ముక్కుది. దిద్దించామని చెబుదామని నోరు తెరిచాను. చెబితే మావ పరువేం కాను? చెప్పకపోతే నేను దొంగని. ఎటూ తేల్చుకోలేక నోరు పెగల్లేదు. ఆయన ఫోటో, నెగెటివ్ కవరు నా ముందుకు తోసి, "తరవాతి మనిషిని పంపు" అన్నాడు.

బయటికొచ్చాను. "ఏటన్నాడు? మెచ్చుకున్నాడా?" అని మావ ఎదురొచ్చాడు. ఆ మొహం చూస్తూ చెప్పడం నా జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటి. చెప్పాను. తప్పు నాదే, నువ్వడిగావు, నేనే వినలేదు అన్నాను. మావ నా చేతిలోంచి నెగెటివ్ కవరు తీసుకున్నాడు. నన్ను తిడతాడనుకున్నాను. తిడితే బావుండును.

"ఈ ఊళ్ళో రంగులమ్మే కొట్టెక్కడున్నాదిరా?" అన్నాడు.

బజారుకి పరిగెత్తి టర్పెంటైన్, దూది పట్టుకొచ్చేసరికి అందరూ వెళ్ళిపోయారు. జీపు సిద్ధంగా ఉంది. అధికారి భోంచేసి చేతులు కడుక్కుంటున్నాడు. బంట్రోతు అడ్డుపడితే మావ వాణ్ణి పక్కకి తోసి లోపలికెళ్ళాడు. ఆ గదిలో ఆ మనిషి చేసిన మొదటి పని నేనెన్నటికీ మరిచిపోను. నెగెటివ్ పెట్టడానికి బల్ల మీద శుభ్రమైన గుడ్డ కావాలి. మెడ చుట్టూ ఉన్న తువ్వాలు లాగి, దులిపి, పరిచాడు. ముప్పై ఏళ్ళు దాచుకున్న మొహం కిటికీ వెలుతురులో అలాగే బయటపడింది.

"బాబుగారూ, ఒక్క నిమిసం. పిట్ట నిజిందే. దిద్దినోణ్ణి నాను."

దూదితో ఒక్కసారి రాశాడు. ఇంకోసారి. అధికారి ఆ నెగెటివ్ తీసుకుని కిటికీకి పట్టి భూతద్దం పెట్టాడు. నెగెటివ్‌లో నలుపు తెలుపవుతుంది కదా. ముక్కు పొడవునా వెలుతురు చుక్కలు బయటికొస్తున్నాయి. "ఇదిగో... ఇదిగో... ఇంకోటి" అంటూ ఆయన చిన్నపిల్లాడిలా లెక్కపెట్టాడు.

తర్వాత కళ్ళద్దాలు తీసి, "ఇలా దిద్దడం తప్పని తెలీదా పెద్దాయనా?" అని అడిగాడు.

"తెలీదు బాబూ. నాను మనుసుల మొగాలు దిద్దినోణ్ణి. మచ్చుంటే తీసెయ్యమనే అందరూ సెప్పినారు. ఉండాల్సిన మచ్చ అని ఒకటుంటాదని నాకెవులూ సెప్పనేదు."

అప్పటికి నాకు నోరొచ్చింది. ఆయన తప్పు కాదండీ, ఆయన అనుమానపడ్డారు, నేనే బూజన్నాను అని మొత్తం కక్కేశాను. అధికారి నా లెన్సు తీసుకుని వెలుతురుకి పెట్టి చూశాడు. "బూజు ఫోటో మీద చుక్కల్లా పడదోయ్. ఫోటో అంతా కాస్త పలచబడుతుంది, అంతే. కొన్న వస్తువు లోపం ఎలాంటిదో తెలుసుకోకుండా లోపం పిట్టకి అంటగట్టావు" అన్నాడు. మిగతా సగం సమాధానం ఇదే, రాసుకోండి. పాతది కొనండి, చవకది కొనండి, తప్పేం లేదు. కానీ దాని జబ్బేమిటో ముందు పూర్తిగా తెలుసుకోండి. అది మీ చేత ఏ అబద్ధం చెప్పిస్తుందో, ఏది నిజంగా ఎదురుగా ఉందో, మీకు తేడా తెలియాలి.

జీపెక్కుతూ ఆయన నా పేరు రాసుకున్నాడు. "నీకు పక్షులు తెలీవు. అది మేం నేర్పుతాం. మూడు ఆదివారాలు గడ్డికుప్ప మీద కూర్చున్నావు చూడు, అది ఎవరమూ నేర్పలేం. నెగెటివ్ మీద పెన్సిలు పెడితే మాత్రం ఆ రోజే ఇంటికి పంపిస్తా" అన్నాడు. మావా నేనూ రైలెక్కి పలాస దాకా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వుతూనే ఉన్నాం. తువ్వాలు ఆయన భుజం మీద మడిచి ఉంది, టర్పెంటైన్ కంపు కొడుతూ.

ఉద్యోగానికి వెళ్ళే ముందురోజు స్టూడియోలో అందరికీ చెప్పి వస్తుంటే మావ వెనకాల వచ్చాడు. "ఒరే అల్లుడా, ఆ గొట్టంలో ఫిల్మేటైనా మిగిలుందేటి?" అన్నాడు. ఒకటి మిగిలింది. ఆ లెన్సుతో మనిషి మొహం తీయాలంటే ఎంత దూరం పోవాలో తెలుసా? మావ స్టూడియో అరుగు మీద కూర్చుంటే నేను వీధి దాటి ఎదురు కొట్టు మెట్లెక్కాను. మధ్యలోంచి జీడిపిక్కల బస్తాల బండి వెళ్ళింది, సైకిళ్ళు వెళ్ళాయి. బండివాడు "తప్పుకోండ్రా, మావ ఫోటో దిగుతన్నాడు" అని వీధంతా ఆపేశాడు. ప్రింటు, నెగెటివ్ రెండూ ఆయన చేతికే ఇచ్చాను. నీ మొహం, నీ పెన్సిలు, నీ ఇష్టం అన్నాను. ఆయన నవ్వలేదు, తలూపాడు.

మళ్ళీ పలాసలో దిగింది ఆర్నెల్ల తర్వాత. మొదటి జీతాల్లోంచి మావకి ఒక మంచి భూతద్దం కొనుక్కుని వచ్చాను. స్టూడియో ముందు అద్దాల బీరువాలో ఎప్పట్లాగే పెళ్ళికూతుళ్ళు, పెళ్ళికొడుకులు, ఒక్కరి మొహం మీదా ఒక్క మచ్చ లేదు. వాళ్ళ మధ్యలో, అందరికన్నా పెద్దగా, మావ. ఒక్క చుక్క దిద్దలేదు. నుదుటి మీదవి, బుగ్గల మీదవి, ముక్కు మీదవి, అన్నీ ఉన్నాయి. నాకు కళ్ళు చెమ్మగిల్లి ఆ అద్దం ముందే నిలబడిపోయాను.

లోపల్నుంచి కేక వినిపించింది. "ఏటలాగ నిలబడిపోనావు? బూజేటైనా కనిపించిందేటి? రా, లోపలికి రా, టీ తాగుదుం."